మంగళవారం పొంగిన పాలు

గుజరాత్‌లోని వెరావల్ నుంచి పాత వ్యాన్‌లో సామానూ నాలుగేళ్ల పాపనూ వేసుకుని మూడు రోజులు ప్రయాణించి, ఈ మధ్యాహ్నం శ్రీకాకుళం తీరాన మా ఊరు బారువలో అద్దెకు తీసుకున్న ఇంటి ముందు దిగాం. వెరావల్‌లో ఎనిమిదేళ్లు పరాయి బోట్ల మీద వేటకెళ్లిన మా ఆయన, ఇక మన సముద్రంలోనే వేట అన్నాడు.

తాళం తీశానో లేదో, మా ఆయన అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయాల మంగళారం. కొత్తింట్లో అడుగెడతారేటే? రేపటిదాకా మా ఇంట్లో ఉండండి."

మా ఆయన గబగబా వ్యాన్ తాళ్లు విప్పడం మొదలెట్టాడు.

"మూడు రోజులు బండిలోనే పడున్నాం వదినా. ఇయాల నా ఇంట్లోనే పడుకుంటాను. మంగళారానికేటి సెప్పుకుంటావో నువ్వే సెప్పుకో," అని పక్కనుంచి లోపలికెళ్లి, పొయ్యి వెలిగించి పాలు పెట్టాను.

వదిన గుమ్మం దాటలేదు. బయటినుంచే "తూరుపేపు పొంగాలే, సూసుకో!" అని అరిచింది.

పాలు పొంగాయి. ఏ వైపుకో నేను చెప్పలేదు. వదిన కాసేపు ఓర్చుకుంది. తర్వాత చెప్పులు విప్పి, నేరుగా పొయ్యి దగ్గరికొచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

ఏ వైపు పొంగాయో మీకూ చెప్పను. తెలుసుకోవాలనుంటే మా ఇంటికి రండి. మంగళవారం నాడే రండి.