వేళ్లు కలిపి పెట్టిన అక్క

తిరుగుబాటు సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆ పిచ్చి అంటించింది మా నాన్నే. ఆయన కావలిలో ఒకరి కొట్లో టైలరు. పొద్దస్తమానం మిషను ముందు తల వంచుకుని కూర్చునేవాడు, యజమాని వస్తే లేచి నిలబడేవాడు. అలాంటి మనిషి సినిమా హాల్లో జనం దొర మీద తిరగబడగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. నాకు భలే గర్వంగా ఉండేది. ఆ సినిమాలన్నీ ఒకటే తీరు. కొరడా, ఏడుపు, ఒకడు తల ఎత్తడం, వాడి వెనక ఊరు ఊరంతా లేవడం. తెలిసిన కథే అయినా ప్రతిసారీ నా ఒళ్లు జలదరించేది. ఒకరు లేస్తే మిగిలినవాళ్లు కూడా లేస్తారని నేను నిజంగానే నమ్మాను.

పెళ్లయి కోట ఊరి దగ్గరి పల్లెకు వచ్చాక రొయ్యల షెడ్డులో పనికి కుదిరాను. కుదిర్చింది మా వీధిలోని అక్క. ఆమెకు ఎకరం వరి పొలం ఉండేది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వేసరికి నేల ఉప్పెక్కిపోయి గింజ పండలేదు. మొగుడు లేడు, అత్త మంచాన పడి ఉంది. షెడ్డు పని ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మా పని ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడం. ఆ చలికీ, క్రిములు చావాలని చేతులు ముంచే మందు నీళ్లకీ వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. పుండు పడితే పనిలోకి రానివ్వరు. సరుకు పై దేశాలకు పోతుంది కాబట్టి అక్కడివాళ్ల రూలట. అందుకని మేం పొద్దున పనిలోకి వచ్చినప్పుడూ, టీ తాగి వచ్చినప్పుడూ సూపర్‌వైజరు విజిల్ ఊదేవాడు. ఒక పొడుగాటి ఊదు. వినగానే మేమందరం వరసలో నిలబడి, గ్లౌజులు తీసి, రెండు చేతులూ ముందుకు చాపాలి. ఆయన చూసుకుంటూ పోయేవాడు.

అక్క వేళ్ల సందుల్లో పుండ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో నాకు తెలుసు. ఆమె వేళ్లు దగ్గరకు కలిపి చేతులు చాపేది. వరసలో చివర నిలబడేది, అక్కడికి వచ్చేసరికి ఆయనకూ విసుగు పుట్టేది. అలా నెట్టుకొచ్చింది.

అప్పుడు షూటింగు వచ్చింది. తిరుగుబాటు సినిమానే. షెడ్డు ఓనరు సముద్రం పక్కన ఉన్న తన స్థలం ఇచ్చి, జనంగా నిలబడటానికి మమ్మల్ని కూడా పంపించాడు. అక్క రానంది.

"నాకెందుకుమే ఆ వేషాలు? అత్తకు గంజి కాయాల."

నేనే వెంటపడ్డాను. "రా అక్కా, దొర మీదికి ఉరికేది మనమే అంట" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఆ పట్టుకున్న చెయ్యి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మాకు చిరుగుల చీరలు కట్టించి, మొహాలకు మసి పూశారు. నాకైతే ఒక డైలాగు కూడా ఇచ్చారు. "మా వాళ్లను వదలండి!" అని అరవాలి. గొంతు చించుకుని అరిచాను. డైరెక్టరు మెచ్చుకున్నాడు. ఆ పొద్దు నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

మధ్యాహ్నం గాలి లేచింది. మైకులో మాట వినపడక ఒక అసిస్టెంటు ఎక్కడిదో విజిల్ పట్టుకొచ్చి, "ఇది ఊదగానే అందరూ దొర మనుషుల మీదికి ఉరకాలి" అని చెప్పాడు. సరేనన్నాం. పొడుగ్గా ఊదాడు.

నలభై మంది ఆడవాళ్లం టక్కున వరసలో నిలబడి చేతులు చాపాం.

ముందు అందరూ పగలబడి నవ్వారు. మేమూ సిగ్గుపడి నవ్వాం. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "ఇదే కావాలి, ఎవరూ కదలొద్దు" అని కెమెరాను మా దగ్గరకు తెప్పించాడు. వరస వెంట నడుచుకుంటూ వచ్చి చివరన అక్క దగ్గర ఆగాడు. "వేళ్లు విడదియ్యమ్మా" అన్నాడు. అక్క విడదియ్యలేదు. ఆయన ఇంకోసారి, మర్యాదగానే అడిగాడు. గొడుగు నీడలో షెడ్డు సూపర్‌వైజరు నిలబడి చూస్తున్నాడు. అక్క నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి చెప్పి ఆపి ఉండాల్సింది. సినిమా మోజులో కెమెరా వైపే చూస్తూ నిలబడ్డాను. అక్క వేళ్లు విడదీసింది.

మర్నాడు గేటు దగ్గర సూపర్‌వైజరు ఆమెను ఆపేశాడు.

"నువ్వు ఇంక రాబాకమ్మా. ఆ చేతులతో సరుకు ముట్టుకుంటే మా కొంప మునుగుతాది."

"ఒక్క వారం ఆగన్నా, మానిపోతాయి" అంది అక్క. ఆయన ఒప్పుకోలేదు.

మిగిలిన మేమందరం అక్కడే ఉన్నాం. ముందురోజు బల్లేలు పట్టుకున్న దొర మనుషుల ముందు నిలబడి అరిచినవాళ్లమే. ఒకామె చెప్పు సర్దుకుంది, ఇంకొకామె ముసుగు సరిచేసుకుంది. లోపల ఇంకెవరో విజిల్ ఊదారు. నేను లోపలికి వెళ్లి చేతులు చాపాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా సాయంత్రం దాకా తలలు తీస్తూనే ఉన్నాను.

అక్క పొరుగూళ్లకు కూలికి పోసాగింది. దొరికిన రోజు పని, లేని రోజు పస్తు. ఆ చలికాలం దాటకుండానే ఆమె అత్త పోయింది. నేను ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసి, చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఏడాది తర్వాత అక్కే మా ఇంటికి వచ్చింది. "మన సినిమా గూడూరులో ఆడతా ఉండాదంట. పోదాం రామే" అంది, ఏమీ జరగనట్టు.

వెళ్లాం. నా అరుపు సినిమాలో లేదు, కోసేశారు. చేతుల వరస మాత్రం ఉంది. వెనక నుంచి డప్పుల మోత, చివరికి తెర నిండా అక్క చేతులు, విడదీసిన వేళ్లు, వాటి సందుల్లో పుండ్లు. మా ముందు కూర్చున్నామె కళ్లు తుడుచుకుని, "మేకప్పు ఎంత బాగా చేసినారో" అంది మొగుడితో.

తర్వాత తెర మీద జనం దొర గడీ మీదికి ఉరికారు. హాలంతా లేచింది. కాగితాలు ఎగరేశారు, కేకలు వేశారు. వెనక ఎవరో జేబులోంచి విజిల్ తీసి పొడుగ్గా ఊదారు.

నా మోచేతి మీద అక్క చెయ్యి పడింది. చూసుకుంటే నా రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి. అక్క వాటిని నెమ్మదిగా నా ఒళ్లోకి దించింది.

"నువ్వు ఇంకా చాపతానే ఉండావా?" అంది.