గోనెసంచిలో పెండలం

పంది వచ్చి వెళ్లిన చేను ఎలా ఉంటుందో నాకు పెళ్లయ్యాకే తెలిసింది. అంతవరకు దుంపలంటే మా నాన్న దుకాణంలో గోనె మీద కుప్ప పోసి ఉండేవి. వాటి వెనక ఒక చేను ఉంటుందనీ, ఆ చేనుకి ఒక పగ ఉంటుందనీ ఏనాడూ అనుకోలేదు. ఈ దీవుల్లోనే, అబర్డీన్ బజారులో పుట్టి, త్రాసు పక్కన కూచుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. బేరమాడకుండా ఏదైనా కొంటే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నన్ను నీళ్లకి అవతల, హోప్ టౌన్‌లో ఇచ్చారు. మా ఆయన హాడోలో ఓడల సరుకు దించే పనికి పొద్దున్నే బోటెక్కి పోయేవాడు. కొండవాలు మీది చేను మా అత్తదీ, నాదీ.

అందులో కర్రపెండలం, చిలకడదుంప, కాసిని అరటి చెట్లు. అన్నిటికీ వెనక, పెద్ద రాయి పక్కన, వెదురు దడి కట్టిన చిన్న మడి. అందులో పెండలం. శ్రీకాకుళం వైపు నించి వచ్చేటప్పుడు అత్త బట్టల మూటలో చుట్టి తెచ్చిన విత్తనం అది. ఓడలో వాంతులతో లేవలేకపోయినా ఆ మూట తల కిందనించి తియ్యలేదట. కోస్తే లోపల ముదురు ఊదా రంగు. ఊరి నించి ఆమె తెచ్చుకున్నవాటిలో అప్పటికి మిగిలింది అదొక్కటే.

పందుల్ని బెదిరించడానికి మా నాన్న దుకాణంలోని ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి దడి పొడుగునా తాడుకి వేలాడదీశాను. తగిలితే మోగేవి. కొన్నాళ్లు పనిచేసింది. తరవాత ఆ చప్పుడుకి నాకంటే ముందు పందులే అలవాటు పడ్డాయి. అప్పుడు పక్క చేను ఆయన, రాంచీ వైపు నించి వచ్చినవాడు, అత్తకి సలహా చెప్పాడు.

"దీదీ, బాహర్ వాలా లైన్ ఉన్‌కో దే దో. పేట్ భరేగా తో అందర్ నహీ ఆయేగా."

బయటి వరస కర్రపెండలం వాటికి వదిలేస్తే, కడుపు నిండి లోపలికి రావని ఆయన లెక్క. అక్కడ చాలామంది అలాగే వదిలేవారు. అత్త సరేనంది. నేనే ఒప్పుకోలేదు.

"రుచి చూపించిన గిరాకీ మళ్లీ రాకుండా ఉంటుందా అత్తా?"

"పంది నీ గిరాకీ ఏటే? నోరు మూసుకో."

మూసుకున్నాను. తొలి వానలకి పెండలం మొలకెత్తింది. తీగలు ఇంకా పందిరి కూడా అందుకోలేదు. ఒక పొద్దున లేచి చూస్తే బయటి వరస లేదు, దడి లేదు, మడి కూడా లేదు. నాగలి పెట్టినట్టు నేలంతా తిరగబడి ఉంది. బురదలో గిట్టల గుర్తులు, నమిలి ఉమ్మేసిన పీచు. నా మాటే నెగ్గిందని చెప్పడానికి నోరు తెరిచి, అత్త మొహం చూసి మానేశాను. ఆమె బురదలో కూలబడి, కొరికి వదిలేసిన ముక్కల్ని ఒక్కొక్కటే తీసి, కొంగుతో తుడిచి, మొలక బతికి ఉన్నవాటిని ఒళ్లో వేసుకుంటోంది. ఒడి నిండలేదు.

"ఇవి పోతే మరి లేవు," అంది, నాతో కాదు.

"బజారుకి తీసుకుపోదాం అత్తా."

"అమ్మేత్తావేటే?"

"అమ్మను. మా నాన్న దుకాణం వెనక గోనెసంచుల్లో మట్టి పోసి పెడదాం. అక్కడికి పంది రావాలంటే బోటెక్కి రావాలి."

ఆమె నవ్వలేదు. "కోడలి పుట్టింటికి ఇత్తనం అంపుతారేటి ఎక్కడైనా? సరే. కానీ ఇత్తనం ఊరికే ఇవ్వకూడదు, ఊరికే పుచ్చుకోకూడదు. మీ అయ్య ఏటిత్తాడు?"

నా ప్రాణం లేచొచ్చింది. బేరం! "ఉప్పు," అన్నాను.

"ఉప్పూ కప్పురమూ నాకొద్దు. గునపం ఇమ్మను. నాది అరిగిపోనాది."

"కొడవలి ఇప్పిస్తాను."

"గునపం."

"పోనీ, కొడవలీ ఉప్పూనూ."

ఆమె ఒళ్లో ముక్కల్ని కొంగుతో కప్పేసి లేవబోయింది. దుకాణం మెట్లు దిగిపోయే గిరాకీని వెనక్కి పిలవడం నేను చాలాసార్లు చూశాను. పిలిచేది నేనవుతానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. గునపానికి ఒప్పుకున్నాను.

ఆ వానాకాలమంతా పెండలం తీగలు మా నాన్న దుకాణం రేకుల మీదికి పాకాయి. అత్త ఆదివారాలు బోటు మీద వచ్చేది. మా అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కడుపుతో ఉన్నదాన్ని తడిమినట్టు గోనెసంచిని పైనించి తడిమి చూసేది. వానలు వెనకబట్టే వేళకి ఆమెకి దగ్గు పట్టుకుంది. ఆస్పత్రి మందు తాగినా తగ్గలేదు. రావడం మానేసింది.

తీగలు ఎండాక నేనే సంచులు కోశాను. దుంపలు చిన్నవే, కానీ ఒక్కదానికీ గాటు లేదు. బోటులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి మంచం మీద ఆమె పక్కన పెట్టాను. గోటితో తొక్క గీకింది. ఊదా రంగు కనబడింది.

"మనదే," అంది. కాసేపు ఊపిరి తీసుకుని, మూలనున్న గునపం వైపు చూపించింది. "అది తీసుకో."

"అది మా నాన్న ఇచ్చిందే కదా అత్తా. నాది నాకే ఇస్తావా?"

"అప్పుడు మీ అయ్యది. ఇప్పుడు నాది. ఇత్తనానికి బదులు నీకిత్తన్నాను. సాలదేటి? బేరమాడవేటే?"

చాలునన్నాను. నా నోట ఆ మాట విన్నందుకేమో, కళ్లు మూసుకునే కొంచెం నవ్వింది.

మళ్లీ వానలు పడేదాకా ఆమె ఆగలేదు. తొలి జల్లు కురిశాక గునపం పట్టుకుని రాయి పక్కకి వెళ్లాను. దడి కట్టడానికి మా ఆయన వెదురు మోసుకొచ్చి పడేశాడు.

"ఎంత కట్టినా పందులు వత్తాయి," అన్నాడు.

"వస్తాయి," అన్నాను.

అత్త మడిలో సగం విత్తనమే పెట్టాను. మిగిలిన సగం మర్నాడు బోటెక్కింది.