మామయ్యగారి వేలికి లేచిన బోర్డు

నరసాపురం దగ్గర మా అత్తవారింట్లో భోజనాల బల్ల సగం నా ఆఫీసు. చిన్న చిన్న ప్రాసెసర్లతో పనిచేసే ఇంజనీరుని నేను. మా రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా చేసే బోర్డు తయారుచేస్తానని మామయ్యగారికి మాటిచ్చాను.

బోర్డు మీద ప్రాసెసర్, పక్కనే ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్. కరెంటు రాగానే ప్రాసెసర్‌కి ఏమీ తెలియదు. ఏం చెయ్యాలో ఆ చిప్పులోంచి చదువుకుని ఆకుపచ్చ లైటు వెలిగించాలి. వెలగలేదు. అతుకులన్నీ చూశాను, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. వారమంతా అదే పని.

ఒకరోజు పొద్దున్నే మామయ్యగారు చెరువు నుంచి తడి చేతులతో వచ్చారు.

“ఏంటమ్మా, ఇంకా నిద్ర లేవలేదా ఇది?” అంటూ చిప్పును వేలితో నొక్కారు.

“చెయ్యి తడిగా ఉందండీ, మామయ్యగారూ!” అని నేను అరిచేలోపే లైటు వెలిగింది.

కరెంటు ఆపి మళ్లీ పెట్టి, నేను నొక్కాను. వెలగలేదు. ఆయన నొక్కారు, వెలిగింది.

“చూశావా, మనిషిని పోల్చుకుంటోంది!” అన్నారు వంటింట్లోకి వినబడేలా.

అత్తయ్యగారు గరిటె పట్టుకునే వచ్చి చూశారు. “అయితే ఇక దాన్ని నొక్కుతూ చెరువు గట్టు మీదే కూర్చోండి,” అన్నారు.

పడీపడీ నవ్వాను. నవ్వుతుండగానే తట్టింది. నా వేలు పొడిగా ఉంది, ఆయనది తడి! గ్లాసులో వేలు ముంచి నొక్కాను. వెలిగింది! ఆ తడి, చిప్పు చివరనున్న రెండు కాళ్లని కలుపుతోంది. ఒకటి కరెంటు వచ్చే కాలు. రెండోది చిప్పుకి ‘ఆగు’ అని చెప్పే కాలు. దాన్ని కరెంటు వైపు కట్టి ఉంచితేనే చిప్పు ఆగకుండా మాట్లాడుతుంది. బోర్డు గీసేటప్పుడు నేను దాన్ని దేనికీ కలపలేదు.

ఆ రెండింటి మధ్య బియ్యపు గింజంత కూడా లేని రెసిస్టర్ అతికించాను. ఈసారి ఎవరూ ముట్టుకోకుండానే లైటు వెలిగింది.

“అయితే నా ఉద్యోగం ఊడిందన్నమాట,” అని మామయ్యగారు పకపకా నవ్వారు.

మర్నాడు మబ్బు పట్టిన ఉదయం, చెరువులో ఆక్సిజన్ తగ్గే వేళ. ఇద్దరం గట్టు మీద బోర్డున్న పెట్టె బిగించి స్విచ్ వేశాం. లైటు వెలిగింది. కాసేపటికి ఏరేటర్ల రెక్కలు నీళ్లు చిమ్ముతూ తిరగడం మొదలుపెట్టాయి. మా ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి.

మామయ్యగారు పక్క చెరువాయన్ని కేకేశారు. “ఏవండోయ్, ఇటు రండి! మా కోడలు చేసిందండీ!” ఆయన గట్టు దాటి వచ్చేలోపే నా వైపు తిరిగి, “ఇంకోసారి ఆపి వెయ్యమ్మా, మొదట్నుంచీ చూడాలి ఆయన,” అన్నారు.

ఆపి, మళ్లీ వేశాను.