బొడ్డుతాడు మీద నా వేళ్ళు

నా చిన్నప్పుడు మేము పెనుమూడిలో ఉండేవాళ్ళం. నన్ను బడికి పంపలేదు. మా తాతయ్యే వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. ఆయన చెప్పని పాఠం ఒకటి మాత్రం పక్కింటి అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ రేపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. చుట్టరికమేమీ లేదు, గోడ పక్కన ఉన్నందుకు అత్తయ్య అయింది.

ఆ ఏడాది వానలు విడవకుండా కురిశాయి. కాన్పుకి తెనాలిలోని పుట్టింటికి వెళ్ళాల్సిన అమ్మకి అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయి. రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. నాన్న డాక్టరుగారి కోసం సైకిలు మీద రేపల్లె బయలుదేరారు. ఆయన తిరిగి రాకముందే, మధ్యాహ్నం వేళ, మంత్రసాని చేతుల్లో మా చెల్లి పుట్టింది.

పుట్టింది గాని ఏడవలేదు. ఒళ్ళు నేరేడుపండు రంగులో ఉంది. చేతులు వేలాడిపోతున్నాయి. అలాంటప్పుడు మా ఇళ్ళలో పిల్ల చెవి దగ్గర కంచు పళ్ళెం మోగించేవారు, ఆ మోతకి ఉలిక్కిపడి ఏడుస్తుందని. నాయనమ్మ గరిటెతో పళ్ళెం కొడుతూనే ఉంది. మంచం మీద నుంచి అమ్మ “ఏడ్చిందా? ఏడ్చిందా?” అని అడుగుతూనే ఉంది.

బస్సుల్లేక ఆ రోజు ఇంట్లోనే ఉన్న అత్తయ్య మోత విని వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. పిల్ల నోరూ ముక్కూ గుడ్డతో తుడిచి, వీపు రుద్ది, ఛాతీకి చెవి ఆనించింది.

“ఆపండి పెద్దమ్మగారూ! నాకు గుండె వినపడట్లేదు.”

“ఆపితే ఇంకేముందే తల్లీ? ఆ మోతే కదా పిల్లని పిలిచేది!”

“పిలుద్దురుగాని. ముందు ఉందో లేదో విననివ్వండి.”

నాయనమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. అమ్మని చూసుకుంటున్న మంత్రసాని, పిల్ల దక్కదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అత్తయ్య ఆమె వైపు చూడలేదు. పిల్ల పొట్ట దగ్గర బొడ్డుతాడు పట్టుకుని, గుమ్మంలో ఉన్న నన్ను పిలిచింది.

“ఇట్రా అమ్మాయ్. వేళ్ళు ఇక్కడ పెట్టు. కొట్టుకున్నప్పుడల్లా ‘ఉంది’ అను. మధ్యలో ఏడిచావంటే తంతాను.”

తాడు వెచ్చగా, జారుగా ఉంది. దాని లోపల ఏదో చిన్నగా కదిలింది. “ఉంది” అన్నాను. అత్తయ్య పిల్ల నోటినీ ముక్కునీ కలిపి తన నోటితో మూసి, బుగ్గల్లోని గాలిని మాత్రం మెల్లగా ఊదింది. చిన్న ఛాతీ లేచింది. ఉంది. మళ్ళీ ఊదింది. ఉంది. ఒకసారి నా వేళ్ళ కింద ఏమీ తెలియలేదు. వేళ్ళు మాత్రం తియ్యలేదు. అత్తయ్య తలెత్తకుండా ఊదుతూనే ఉంది. నాయనమ్మ పెదవులు చప్పుడు లేకుండా దేవుణ్ణి తలుచుకుంటున్నాయి. అప్పుడు తగిలింది. ఆ వెంటనే ఇంకొకటి, ఇంకొకటి, నేను అనలేనంత త్వరగా. పిల్ల పెదాలు ఎర్రబడ్డాయి. పిల్లికూనలా ఒక మూలుగు మూలిగి, గుక్క పట్టి ఏడ్చింది. అప్పుడు ఏడ్చాను నేను కూడా. అత్తయ్య తన్నలేదు.

డాక్టరుగారు సాయంత్రానికి ట్రాక్టరు మీద వచ్చారు. పిల్లని చూసి ‘అస్ఫిక్సియా’ అన్నారు. అంటే ఏంటని ఆయన వెళ్ళాక అత్తయ్యని అడిగాను. ఊపిరాడక ఒంటికి ప్రాణవాయువు అందకపోవడానికి వాడే మాట అంది. గ్రీకు భాషలో దాని అసలర్థం నాడి లేకపోవడమట.

“నాడి ఉంది కదా అత్తయ్యా? నేనే పట్టుకున్నాను.”

ఆవిడ నవ్వింది. పూర్వం నాడి ఆగిన మనిషికే ఆ పేరు పెట్టారట. తర్వాత అది ఊపిరాడని వాళ్ళందరికీ పాకి, అలాగే స్థిరపడిపోయిందట. ఊపిరి ఆగాక కూడా గుండె కాసేపు కొట్టుకుంటూ మనకోసం ఎదురుచూస్తుంది, ఆ కాసేపే మనకిచ్చిన గడువు, పేరు విని చెయ్యి తీసెయ్యకు అంది.

మా చెల్లి ఇప్పుడు బాపట్లలో మనవలతో ఉంటోంది. ఆ అత్తయ్య దేవుడి దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. ఆవిణ్ణి మా గోడ పక్కన ఉంచినందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఎవరి గురించైనా ‘ఇంక లాభం లేదు’ అని నలుగురూ అంటుంటే నేను వెంటనే తలూపలేను. దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మణికట్టు పట్టుకుని కూర్చుంటాను. ప్రార్థన ఆ తర్వాతే.