పాలటీ రంగు ఆయిల్

ఇంజిను ఆగిన పడవ ఏమవుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాన్న పడవ మొగలో ఆగిపోయింది. మొగ అంటే మా గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసుక మేటల మీద అలలు విరుగుతూనే ఉంటాయి. ఇంజిను నడుస్తున్నంతసేపూ పడవ ముక్కు అలకి ఎదురుగా ఉంటుంది, ఆగితే అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిందా, ఇక అంతే. ఒడ్డున అమ్మ కొంగు పట్టుకుని నిలబడి చూశాను. ముందు చప్పుడు ఆగింది. పడవ బోల్తా పడటం, నాన్న పోవడం, మిగతాదంతా ఆ తర్వాతే జరిగింది. ఇప్పటికీ అలల హోరంటే నాకు భయం లేదు గానీ ఇంజిను చప్పుడు కాస్త తడబడితే చాలు, చేతిలో పని వదిలేసి ఒడ్డుకి పరిగెడతాను.

అలాంటి నన్ను తీసుకొచ్చి యానాం దిగువన, ఇంజిను పడవున్న ఇంట్లోనే ఇచ్చారు. ఏం చేస్తాం, నా రాత! భయం పోతుందేమోనని పెళ్లయిన కొత్తలోనే మా ఆయన పక్కన కూర్చుని ఆ ఇంజిను సంగతంతా నేర్చుకున్నాను. భయం పోలేదు, పని మాత్రం వచ్చింది. ఆడదానికి ఇంజినెందుకే అని నవ్వినవాళ్లకి నా నోటితోనే సమాధానం చెప్పాను. ఆయిల్ మార్చే రోజున పంపు లాగేది నేనే. పడవలో ఇంజిను అడుగు బోల్టు విప్పడానికి చెయ్యి పట్టదు. అందుకని ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల తీసి, ఆ కన్నంలోకి సన్నగొట్టం దింపి, చేతిపంపుతో పాత ఆయిల్ పైకి లాగుతాం.

మొన్న వేసవిలో వేట నిషేధం ఆఖరి రోజు. తెల్లారితే పడవలన్నీ సముద్రం మీదికి పోతాయి. ఇన్నాళ్లు వల పడని నీళ్లలో మొదటి వేట అంటే మా వాళ్లకి కాలు నిలవదు. మా ఆయన పొద్దున్నే వలలు సర్దేసి, ఆయిల్ మారుద్దాం రమ్మన్నాడు.

పుల్ల పైకి తీసి చూశాను. నల్లగా రావలసిన ఆయిల్ పాలటీలా ఉంది. నీళ్లు కలిస్తేనే ఆ రంగొస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్ ఇనుముని కాపాడదు. లోపలి భాగాలు ఒకదాన్నొకటి అరగదీసుకుని, ఇంజిను ఏ అలల మధ్యో బిగుసుకుపోతుంది.

"మావా, ఏంటిది?" అన్నాను.

ఆయన గొట్టం దింపి లాగమన్నాడు. కొన్నాళ్లుగా కదలని ఇంజిను కదా, ముందు ఆయిల్ రాలేదు, అడుక్కి చేరిన నీళ్లొచ్చాయి. డబ్బాలో వేలు ముంచి చూశాడు. తుండుతో మూతి తుడుచుకుని, డబ్బాలోదంతా పాయలో పారబోశాడు.

"మొన్న అమ్మ పోసిన నీళ్లేలే. కంగారు పడకు," అన్నాడు.

మాకొక ఆనవాయితీ ఉంది. మొదటి వేటకి ముందు శుక్రవారం ఇంట్లో పెద్దావిడ పడవెక్కి, ముక్కుకీ ఇంజినుకీ పసుపు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంది. ఆ తర్వాత ఇంజినుని ఒక్కసారి తిప్పి ఆపేస్తారు. ఆయిల్ పోసే మూత మరలు అరిగిపోయి ఊడిపోతుంటే మా ఆయన అక్కడ గుడ్డముక్క కుక్కి ఉంచాడు. మా అత్త చెంబెడు నీళ్లూ సరిగ్గా దాని మీదే గుమ్మరించింది. నేను కళ్లారా చూశాను కూడా.

ఇంకేం, నా నోరు ఊరుకుంటుందా? ఒడ్డున కూర్చున్న ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. "పూజ చేశావా, ఇంజినుకి తలంటు పోశావా అత్తా?"

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నా కొడుకు బతుకు మీద నేనే నీళ్లు పోశానా తల్లీ!" అని ఇసుకలో కూలబడిపోయింది. మాటకి మాట అప్పజెప్పందే వదలని మనిషి, ఆ రోజు అన్నం కూడా ముట్టలేదు. మా ఆయన ఒక్కసారైనా ఆవిణ్ణి ఊరడించలేదు. అదేంటో నాకు వింతగా అనిపించింది.

పాత ఆయిలంతా లాగేసి కొత్తది పోశాం. మూత కూడా కొత్తది బిగించాడు. "అయిపోయింది. పొద్దున్నే పాటు నీళ్లు వెనక్కి లాగేప్పుడు దిగిపోతా," అన్నాడు.

"కాసేపు తిప్పి, ఆపి, మళ్లీ చూద్దాం మావా."

"పూజైన పడవని అనుమానిస్తే కీడే."

"ఆ కీడేదో నా నెత్తిన రానీ. నేను చూడకుండా ఈ పడవ కదలదు."

విసుక్కుంటూనే హ్యాండిల్ తగిలించి తిప్పాడు. కట్టేసిన పడవలోనే ఇంజిను నడిచింది. పాయలో నీళ్లు లోపలికి పోయి, సిలిండరు చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచి, పక్కగొట్టంలోంచి బయటికి పడుతున్నాయి. చప్పుడు చక్కగా ఉంది. నాకు ఇంకా భయమేసింది. మా నాన్న ఇంజిను కూడా ఆ క్షణం దాకా చక్కగానే మోగింది.

ఆపించి, నీళ్లుంటే అడుక్కి దిగుతాయని పొద్దు వాలేదాకా కదలనివ్వలేదు. అప్పుడు గొట్టం దింపి, మొదట వచ్చినదాన్ని ఊరగాయ సీసాలోకి పట్టాను. బంగారు రంగు కొత్త ఆయిల్, దాని కింద బూడిద రంగు నీళ్లు.

"మూలల్లో మిగిలిన పసుపు నీళ్లే. ఒక్కసారికే పోతాయా ఏంటి?" అన్నాడు.

నిజమే కావచ్చు. నిజమైతే బాగుండునని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. అప్పుడు తట్టింది. అత్త పోసినవి ఇంట్లో కుళాయి నీళ్లు. ఎండాకాలం మా పాయలోవి నోట పెట్టుకోలేనంత ఉప్పు. పైన తేలిన ఆయిల్ వంచేసి, అడుగు నీళ్లలో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాను. ఆయిల్ చేదు నోరంతా పట్టింది. ఆ చేదు వెనకాలే ఉప్పు తగిలింది. లోపల ఎక్కడో పాయ నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నాయి.

"ఉప్పు మావా, ఇది ఉప్పు!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడలేదు. తల తిప్పుకున్నాడు. పొద్దున తుండుతో మూతి తుడుచుకోవడం అప్పుడు గుర్తొచ్చింది.

"నీకు పొద్దున్నే తెలుసు కదూ?"

"సన్నగా దిగుతున్నాయంతే. లోపల రబ్బరు రింగేదో పోయుంటాది. నాలుగు వేటలకి తట్టుకుంటాదిలే అనుకున్నా. ఇప్పుడు విప్పితే వారం పోద్ది. ఊరంతా వేటకి పోతుంటే నేను ఒడ్డున కూచుంటానా?"

సీసా ఆయన మొహం ముందుకి చాపాను.  

అత్త లేచి, మోకాలి లోతు నీళ్లలో నడిచి పడవ దగ్గరికొచ్చింది. సీసా అడిగి తీసుకుని, తనూ వేలు ముంచి రుచి చూసింది. తప్పు తనది కాదని తేలింది కదా, ఇప్పుడు నన్ను నాలుగు దులుపుతుందనుకున్నాను.

"నేను పోసిన నీళ్లే అయితే ఎంత బాగుండునురా," అంది కొడుకుతో.

ఆ మాటతో పాటే చెయ్యి చాచి ఇంజిను పక్కనున్న హ్యాండిల్ తీసుకుంది. అది లేకపోతే ఇంజిను తిరగదు. "అమ్మా, ఇలా ఇవ్వు," అంటున్నా వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది.

తెలతెలవారుతుంటే పాయలో మొదటి ఇంజిను మోగింది. మా ఆయన చటుక్కున లేచి వాకిలి వైపు నడిచాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను. గడప మీద అత్త కూర్చుని ఉంది. ఒళ్లో హ్యాండిల్, దాని మీద రెండు చేతులు. చీరంతా ఆయిల్ మరకలు.

"నన్ను దాటుకుని పోరా," అంది.

ఆయన అడుగు ఎత్తి, మళ్లీ వెనక్కి వేశాడు. తర్వాత ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు. పడవలు ఒకదాని వెనక ఒకటి మొగ వైపు పోతున్నాయి. ఏ చప్పుడూ మధ్యలో ఆగకూడదని ఊపిరి బిగబట్టి విన్నాం ముగ్గురం. ఆఖరిది కూడా మొగ దాటాక అత్త ఆ హ్యాండిల్‌ని కొడుక్కి ఇవ్వలేదు, నా చేతిలో పెట్టింది. ఎప్పటినుంచి పట్టుకుని కూర్చుందో, ఇనుము వెచ్చగా ఉంది.