చేయి వదిలిందెవరు

విశాఖపట్నంలో పుట్టి కూడా చిన్నప్పుడు సముద్రం వైపు చూడని పిల్లవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. స్టీల్ ప్లాంటు వస్తుందట, అందరికీ ఉద్యోగాలట అని ఊరంతా చెప్పుకునే రోజులవి. మా నాన్న పోర్టులో ఓడల సరుకు దించే కలాసీ. ఆయనతో పనిచేసే మనిషి ఒకడు ఓడకీ జెట్టీకీ మధ్య పడి చనిపోయాడు. శవాన్ని మా వన్ టౌన్ సందులోంచే తీసుకెళ్లారు. నేను చూశాను. ఆనాటి నుంచి నీళ్లంటే నాకు ప్రాణాలు పోయేంత భయం.

మా సంఘంలో బాప్తిస్మం సముద్రంలోనే ఇచ్చేవారు. తెల్లబట్టలు కట్టుకున్న వాళ్లను పాస్టరుగారు నడుములోతు నీళ్లలోకి తీసుకెళ్లి ముంచి లేపేవారు. ఒడ్డున మిగతావాళ్లు పాట పాడేవారు. నా వంతు వచ్చేసరికి నేను రానని మొండికేశాను. పాస్టరుగారు సంఘం అందరి ముందూ నా చేయి పట్టుకుని, "నేను వదలను, దేవుడూ వదలడు" అన్నారు. బడి మానేసిన నాకు కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆయనే. ఆయన మాట నాకు దేవుడి మాటే. వెళ్లాను.

నన్ను ముంచబోతుండగా పెద్ద కెరటం వచ్చింది. ఆయన నా చేయి వదిలేశారు. పొరపాటున జారింది కాదు, విదిలించుకున్నారు. నా వేళ్లకు ఇప్పటికీ తెలుసు. రెండు చేతులూ చాపి ఆయన ఒడ్డుకు పరిగెత్తారు. నన్ను సంఘపెద్ద ఒకాయన నీళ్లలోంచి జుట్టు పట్టి పైకి లాగాడు.

సరే, మనిషి. భయపడ్డాడు. అంతటితో ఊరుకుంటే నేనూ మరిచిపోయేవాణ్ణేమో. ఆదివారం ఆయన ప్రసంగంలో ఏమన్నారో తెలుసా? విశ్వాసం చాలని బిడ్డ దైవసేవకుడి చేతిలో నిలవలేకపోయాడన్నారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికి రాగానే కుర్రాళ్లు మొదలుపెట్టారు: "ఏట్రా బావ, ఉప్పునీల్లు తాగీసావు కదా, బాప్తీసం అయిపోయినట్టేనా?"

ఆ రోజు నుంచి ప్రార్థన మానేశాను. రాత్రి భోజనం ముందు అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరుచుకునే కూర్చునేవాణ్ణి. అది మా నాయనమ్మ కనిపెట్టింది.

"ఏట్రా, ఏటయింది నీకు?"

"దేవుడు నా సెయ్యి ఒగ్గీసాడు."

"ఒగ్గీసింది అయ్యగారు. ఆయన సేసిన పని దేవుడికి అంటగడతావేటిరా?" అంది.

మర్నాడు పొద్దున్నే నన్ను బీచికి లాక్కెళ్లింది. మా నాయనమ్మ పొలం పనులు చేసిన మనిషి, విజయనగరం అవతల పల్లెలో పుట్టింది. చెరువులో కూడా మోకాలు దాటి దిగింది లేదు. చీర పైకి దోపుకుని నా చేయి పట్టుకుంది. కెరటం దగ్గరికి రాగానే నాకంటే ముందు తనే రెండడుగులు వెనక్కి వేసింది.

"నీకూ బయ్యమేటి నాయనమ్మా?"

"బయ్యం లేనోడికి దేవుడితో పనేటిరా?" అంది. మళ్లీ, "నా సెయ్యి నమ్ముకోకు. ముసల్దాన్ని, నానూ ఒగ్గీగల్ను. ముందే సెప్తన్నాను" అంది.

అప్పుడు కళ్లు మూసుకోకుండానే, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అంది: "ప్రభువా, మాకిద్దరికీ బయ్యంగానే ఉంది. అడుగేత్తన్నాం. సూసుకో."

మోకాలి లోతుకు వెళ్లామో లేదో కెరటం తగిలింది. ఆవిడ చెప్పినట్టే అయింది. చేతులు విడిపోయాయి. నాయనమ్మ నీళ్లలో కూలబడింది. ఒడ్డుకు పరిగెత్తాలనే అనిపించింది నాకు. కాళ్లు మాత్రం అటు తిరగలేదు. లోపల ఒకటే మాట, సూసుకో, సూసుకో అని. అలాగే అనుకుంటూ వెళ్లి ఆవిడ జబ్బ పట్టుకుని లేపాను. నోట్లో ఇసుక ఉమ్మేసి, "సూసావా, నానూ ఒగ్గీసాను. నువ్వు నిలబడ్డావు కదరా!" అని పళ్లు లేని నోటితో నవ్వింది.

మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకున్నాను. భయపడుతూనే దిగాను. పాస్టరుగారు బతికినంతకాలం ప్రసంగంలో నన్నన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన్ని క్షమించమని నాకు చాలామంది చెప్పారు. చదువు నేర్పినందుకు దణ్ణం పెడతాను. ఆ ప్రసంగం తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

అయితే ఒక సంగతి. పెళ్లాం పురిటికి వెళ్లినప్పుడు గానీ, కొడుకు మొదటిసారి పోర్టు పనికి దిగినప్పుడు గానీ, ఎవరికీ నేను "నేనున్నాను, భయపడకు" అని చెప్పలేదు. నాకూ భయంగానే ఉంది, దేవుడికి చెప్పుకుని అడుగేద్దాం అన్నాను. మొన్న నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే, థియేటర్ గుమ్మం దగ్గర నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.