దవడ మీద గీత

మా అమ్మాయి మేకప్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్న సంగతి నాకు ఫ్రిజ్ తలుపు చూస్తే తెలిసింది. తొంభయ్యో తొంభై ఒకటో, నవంబరు. పాలు తీద్దామని వెళితే, అయస్కాంతం కింద ఓ గులాబీ రంగు కాగితం. బ్లాక్‌టౌన్‌లో ఏదో బ్యూటీ పార్లర్ పేరు, రెండు తేదీలు. మొదటిది ట్రయల్ అట, అంటే ముందుగా ఓసారి వేసి చూసుకోవడం. రెండోది ఫార్మల్ రోజు. ఫార్మల్ అంటే ఇక్కడ హైస్కూలు చదువు అయిపోయాక పిల్లలు పొడుగు గౌన్లూ సూట్లూ వేసుకుని, ఓ హాల్లో భోంచేసి డాన్సులు చేసే వీడ్కోలు పండగ. ఆడపిల్లలకి అదో చిన్న పెళ్లి. గౌను సరే, నేనే కొన్నాను. మొహానికి రంగులేయడానికి ఓ మనిషా? అదీ నాకు చెప్పకుండానా? నా మొహానికి జన్మలో పౌడరూ కాటుకా తప్ప మూడోది తెలీదు.

అప్పటికి మేం సిడ్నీ వచ్చి పదకొండేళ్లు. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్. నేను హాస్పిటల్లో నర్సుని, డ్యూటీకి నడిచే వెళ్లేదాన్ని. మా ఆయన ఫ్యాక్టరీలో ఇంజనీరు. మాట్లాడితే ముత్యాలు రాలతాయేమోనని నోరు మూసుకుని కూర్చునే మనిషి. ఇంట్లో అరిచేదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మాయికి తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. పోట్లాటల్లో ఈ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే నడిచేది.

గులాబీ కాగితం వెనక సూచనలున్నాయి. మొహం శుభ్రంగా ఉండాలి. నూనె, క్రీము రాయకూడదు. ముందు గుండీలున్న చొక్కా వేసుకోవాలి. ఎలా కనపడాలనుకుంటున్నారో ఓ ఫోటో తేవాలి. చదివాక నాకు కాలు నిలవలేదు. నాకు చెప్పకపోయినా, నా కూతురి మొహం శుభ్రం చేసే పని నాది కాకుండా పోతుందా? ట్రయల్ రోజు మధ్యాహ్నం దాన్ని కూర్చోబెట్టి, శనగపిండిలో పెరుగు కలిపి, పెట్టె అడుగున దాచుకున్న దుగ్గిరాల పసుపు రెండు చెంచాలు వేసి, నలుగు పెట్టేశాను.

"అమ్మా, దిస్ ఈజ్ టూ మచ్!"

"నోర్ముయ్. పరాయిదాని ముందు కూర్చుంటున్నావు, మొహం మెరవాలి."

మెరిసింది. పచ్చగా మెరిసింది. పార్లర్‌కి నేనూ వెంటపడి వెళ్లాను. పార్లర్ ఆవిడ దీపం దగ్గరికి లాగి, గడ్డం పట్టుకుని, "ఒంట్లో బాగానే ఉందా, లవ్?" అని అడిగింది. అడిగి, కామెర్ల రోగిని చూసినట్టు కళ్ల కింద చూసింది. ఇరవయ్యేళ్ల నుంచి రోగుల్ని చూస్తున్నదాన్ని, ఆ చూపు నాకు తెలీదా! దూది తడిపి తుడిస్తే దూదంతా పసుపే. మా అమ్మాయి అద్దంలోంచి నన్నొక చూపు చూసింది. ఆ చూపుకి నేను కుర్చీలోనే ఓ బెత్తెడు కుదించుకుపోయాను.

తర్వాత సంచీలోంచి ఫోటో తీసింది. మ్యాగజైన్ కాగితం. బంగారు జుట్టూ నీలి కళ్లూ ఉన్న పిల్ల. ఆ పిల్ల కళ్లకి పెట్టిన రంగు బాగుందని చూపిస్తోందేమో అనుకున్నాను. కాదు. అది తలొంచుకుని, ఆవిడకి మాత్రమే వినపడాలన్నట్టు అంది: "అండ్ కెన్ యూ మేక్ మీ ఎ బిట్ లైటర్?"

కాస్త తెల్లగా చెయ్యగలరా.

పార్లర్ ఆవిడ చెడ్డదేం కాదు. తన దగ్గరున్న నాలుగు సీసాలూ వరసగా పెట్టి చూపించింది. అన్నిటికంటే ముదురు రంగు కూడా ఎండలో కమిలిన తెల్లవాళ్ల కోసం చేసిందే. "ఇంతకంటే ముదురు నా దగ్గర లేదు డార్లింగ్. మరి నువ్వూ తెల్లగానే కావాలంటున్నావు కదా," అంటూ అదే పూసింది. గంట తర్వాత మా అమ్మాయి ఇటు తిరిగింది. మొహం ఒకరిది, మెడ ఒకరిది. కళ్లు బ్రహ్మాండంగా దిద్దింది, కాదనను. మిగతాదంతా బూడిద గుమ్మడికాయ. మా అమ్మాయి మాత్రం అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వుకుంది.

కార్లో కూర్చున్నామో లేదో నా నోరు లేచింది.

"అదేం మొహమే! ఇంటికెళ్లగానే కడిగెయ్."

"ఐ లైక్ ఇట్."

"ఏం లైకు? సున్నం కొట్టినట్టుంది. నీ మొహానికేం వచ్చిందే, తెల్లగా చెయ్యమని అడుక్కోవడానికి? ఎవరు నేర్పారు నీకు?"

అది నా వైపు తిరిగింది. తిరిగి, తెలుగులో మాట్లాడింది.

"'ఎండలో ఆడకే, నల్లబడతావు.' 'ఆ రంగు గౌను వద్దే, నీకు నప్పదు, తెల్లవాళ్లకైతే బావుంటుంది.' 'అన్నీ నా పోలికే వచ్చాయి, రంగన్నా మీ నాన్నది రాకపోయె.' 'కాస్త రంగుంటే ఎంత బావుండేదానివే.'"

అక్షరం పొల్లు పోలేదు. నా గొంతు, నా సాగదీత, చివర్లో నేను విడిచే నిట్టూర్పుతో సహా. ఇంట్లో "అన్నం పెట్టు" అన్న మాట కూడా సరిగ్గా పలకని పిల్లకి ఈ నాలుగు వాక్యాలూ కంఠతా వచ్చు. పాటగా పాడినట్టు అప్పజెప్పి, "యూ టోల్డ్ మీ, మమ్. ఎవ్రీ సమ్మర్," అని కిటికీ వైపు తిరిగింది. ఫార్మల్‌కీ ఇదే రంగు వేయించుకుంటానని, ఆ రోజు నేను రానవసరం లేదని కూడా చెప్పింది.

ఎనిమిదో తరగతిలో అది నెట్‌బాల్ టీములో చేరతానంటే, శనివారాలు ఎండలో మాడిపోతావని నేనే మాన్పించాను. మా ఇంటికి వచ్చే ఆంటీలు "పిల్ల కళగా ఉంది" అంటే, "కళే ఉంది పాపం" అని దాని ముందే నవ్వేదాన్ని. ఏ మొహం పెట్టుకుని కడుక్కోమని చెప్పను?

ఆ తర్వాతి పది రోజులూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇస్త్రీ చేసిన గౌనునే మళ్లీ ఇస్త్రీ చేశాను. వార్డులో ఒకే పేషెంటుకి రెండుసార్లు నాడి చూసి, రెండుసార్లూ రాశాను. ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. "మీరేం మాట్లాడరేం? అది బూడిద పూసుకుని ఊళ్లోకి వెళ్తోంది."

"నేనేం మాట్లాడనే? నేనెప్పుడన్నా దాని రంగు గురించి ఒక్క మాటన్నానా?"

అనలేదు. ఆ మాటే నన్ను ఇంకా కాల్చింది. పైగా ఆయన పచ్చటి మనిషి, ఆయనకేం, అననక్కర్లేదు. అనిపించుకున్నదాన్ని నేను.

తెనాలి దగ్గర మా ఊళ్లో "నలుపు నారాయణుడు మెచ్చు" అని ఇరుగమ్మా పొరుగమ్మా నన్ను ఓదార్చేవాళ్లు. మాది చర్చికి వెళ్లే ఇల్లు. నారాయణుడు మెచ్చినా మా గుమ్మంలోకి సంబంధం తెస్తాడా? అందుకని మా అమ్మ తెనాలి స్టూడియోకి తీసుకెళ్లి ఫోటో తీయించింది. స్టూడియో అతను సన్నటి బ్రష్షుతో నా మొహాన్ని తెల్లగా దిద్దాడు. ఆ ఫోటో మెచ్చి వచ్చిన మొదటి సంబంధం వాళ్లు నేనిచ్చిన కాఫీ తాగి, నా వైపే చూస్తూ, "ఫోటోలో అమ్మాయి లోపలుందాండీ?" అని అడిగారు. మా ఆయన ఫోటో చూడకుండా వచ్చాడు కాబట్టి బతికిపోయాను. ఇంత పడ్డదాన్ని, అదే బ్రష్షు తీసుకుని పదిహేడేళ్లపాటు నా కూతురి మొహం మీద దిద్దుతూ కూర్చున్నాను. నా అంత మూర్ఖురాలు ఉంటుందా!

వార్డులో నాతో పనిచేసే ఓ గ్రీకు నర్సుకి ఇదంతా చెప్పుకున్నాను. ఆవిడ సెలవురోజుల్లో నాటకాలు వేస్తుంది. "పెద్ద షాపుల్లో వెతక్కు, ఉండదు. నాటకాలవాళ్ల కొట్టుకి వెళ్లు, వాళ్ల దగ్గర భూమ్మీదున్న రంగులన్నీ ఉంటాయి," అని చీటీ మీద దారి గీసిచ్చింది. మర్నాడు డ్యూటీ దిగగానే, యూనిఫాం కూడా మార్చుకోకుండా సిటీ రైలెక్కాను.

సెంట్రల్ స్టేషన్ దగ్గర, మెట్లెక్కి వెళ్లే ఇరుకు కొట్టు. ఓ పక్క విగ్గులు, ఓ పక్క పెట్టుడు మీసాలు, మధ్యలో గోడ పొడుగునా చిన్న చిన్న రేకు డబ్బాలు. ఇప్పపువ్వు రంగు నుంచి కాటుక రంగు దాకా, గోధుమ, చామన, కాఫీ, చింతపండు, ఎన్ని రంగులో! కొట్టు చూసుకునే ముసలాయన కళ్లద్దాలు పైకి జరిపి, మా అమ్మాయికని చెప్పగానే అడిగాడు.

"ఏం పాత్ర వేస్తోంది?"

"ఏ పాత్రా కాదు. తనలాగే ఉండాలి."

ఆయన నవ్వలేదు. అమ్మాయిని తీసుకురమ్మన్నాడు. అది రాదు, దాని రంగూ నా రంగూ ఒకటే అన్నాను. ఆ ముక్క ఎప్పుడూ తప్పు ఒప్పుకున్నట్టు చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం పేరూ ఊరూ చెప్పినట్టు చెప్పాను. సరేనని నన్ను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, నాలుగు డబ్బాలు తెరిచి, వేలితో నా దవడ మీద నాలుగు గీతలు గీశాడు. తల వంచి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికొచ్చి చూశాడు. జీవితంలో నా రంగుని ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. విరుగుడు చెప్పడానికి కాదు, అది ఏదో తెలుసుకోవడానికి. నాకు చెవులు వేడెక్కాయి, లేచి పారిపోదామా అనిపించింది.

చేతిలో అద్దం పెట్టి, "ఏ గీత కనపడకుండా పోయిందో అది మీది," అన్నాడు. మూడే ఉన్నాయి. నాలుగోదాన్ని ఎంత వెతికినా కనపడలేదు.

ఆ మూడూ తుడిపించుకుని, నాలుగోది అలాగే ఉంచుకుని, ఆ రంగు డబ్బా కొనుక్కుని రైలెక్కాను. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి టీవీ ముందుంది. వారం నుంచి మాటల్లేవు మా మధ్య. కిటికీ పక్కన నిలబడి, "ఇలా రా," అన్నాను. "నా మొహానికి మేకప్ రాశారు. ఎక్కడో చెప్పు చూద్దాం."

"వాట్?"

"వెతుకు."

విసుక్కుంటూనే లేచింది. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ముందు నుదురు చూసింది, తర్వాత చెంపలు, ముక్కు పక్కన, చెవి దగ్గర. దాని ఊపిరి నా మొహానికి తగులుతోంది. అంత దగ్గరికొచ్చి ఎన్నేళ్లయిందో!

"దేర్స్ నథింగ్ దేర్, మమ్."

తడిదూదితో దవడ మీద ఒక్క రుద్దు రుద్ది చూపించాను. తెల్లటి దూది మీద గోధుమరంగు చార. అది దూదిని చూసింది, నా దవడని చూసింది. "నేనన్నవన్నీ తప్పే" అనే మాట నా నాలిక చివరదాకా వచ్చింది. మా ఇళ్లల్లో తల్లులకి ఆ మాట అలవాటు లేదు, రాలేదు. డబ్బా బల్ల మీద పెట్టాను. "ఇది నీది. నీ ఇష్టం," అన్నాను.

"సో?" అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది.

తెల్లారి చూస్తే బల్ల మీద డబ్బా లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెత్తబుట్ట తిరగేశాను. అందులోనూ లేదు. మంచం కింద పారేసిందో, స్కూలు స్నేహితురాలికి ఇచ్చేసిందో! ఫార్మల్ దాకా అడగలేక, ఊరుకోలేక, వండిన కూరల్లో ఉప్పేశానో లేదో తెలీక చచ్చాను.

ఫార్మల్ రోజు, శనివారం మధ్యాహ్నం, మామూలు సబ్బుతో మొహం కడుక్కుని, ముందు గుండీల చొక్కా వేసుకుని వచ్చింది. గుమ్మంలో ఆగి, "యూ కెన్ కమ్," అంది. "బట్ యూ కాంట్ టాక్. ఒక్క మాట కూడా. ప్రామిస్?"

"ప్రామిస్."

పార్లర్ ఆవిడ మా అమ్మాయి పేరు మీద కిందటిసారి రాసిపెట్టుకున్న అట్ట తీసి చదువుకుంది, గిన్నెలో దూది పెట్టుకుంది, నాలుగు సీసాల్లోంచి అప్పుడు పూసినదే తీసి మూత తిప్పింది. నేను వెనక కుర్చీలో పెదాలు కొరుక్కుంటున్నాను. వద్దని అరవాలని ఉంది. అరిస్తే అది అదే పూయించుకుంటుంది, దాని మొండితనం నాకు తెలుసు, అదీ నా పోలికే.

"సేమ్ యాజ్ లాస్ట్ టైమ్, లవ్?"

మా అమ్మాయి చొక్కా అంచు సర్దుకుంది. వంగి సంచీలో చెయ్యి పెట్టింది. మ్యాగజైన్ కాగితం వస్తుందనుకున్నాను. రేకు డబ్బా వచ్చింది.

ఆవిడ తెరిచి, వేలితో తీసి, దీపం కింద అటూ ఇటూ తిప్పింది. "ఇదెక్కడిది? ఏం రంగంటారు దీన్ని?"

మా అమ్మాయి తలెత్తి, అద్దంలోంచి నన్ను చూసింది.

"అది మా అమ్మ రంగు," అంది ఇంగ్లీషులో. "నాకదే కావాలి."

ఒక్క మాట కూడా మాట్లాడనని ప్రామిస్ చేశాను కదా. ఆ పూట నోరు మూసుకునే కూర్చున్నాను. తెరిస్తే మాట రాదని, ఏడుపే వస్తుందని నాకు తెలుసు.